రావిర్యాల వర్ణక్రమము

హైదరాబాదు నగరమునుండి శ్రీశైలము పోవు బాట పట్టి దక్షిణముగా సాగినచో, చాంద్రాయణగుట్ట దాటిన కొంతసేపటికి పహాడీషరీఫు గుట్టయు, దానిమీది దర్గాయు కనబడును. అటుపిమ్మట వచ్చునది తుక్కుగూడ. అచ్చటినుండి తూర్పునకు మరలి, నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ప్రక్కగా కొంతదూరము పోయినచో రావిర్యాల చేరుదుము. 1978లో హైదరాబాదు జిల్లానుండి విడివడిన రంగారెడ్డి జిల్లాలోని గ్రామమిది. దీనికి తూర్పు దిక్కున ఇబ్రహీంపట్నము గలదు. శంషాబాదు విమానాశ్రయము 2008లో తెరవబడినది మొదలు ఈ ప్రాంతపు ఆకాశమున విమానములు సాగుట నిత్యకృత్యమైనది. పిల్లలు వానిని తలయెత్తి చూచుటకూడ మానిరి.

గ్రామము రెండు కాలములకు నడుమ నిలిచియున్నట్లు తోచును. ఒకవంక పాత రావిర్యాల: చెరువు, వేపచెట్ల నీడలు, అరుగులు, అరుగులపై మాటలాడుకొను ముసలమ్మలు. మఱియొకవంక ఫ్యాబ్ సిటీ యను పేర కేటాయింపబడిన పరిశ్రమల భూములు, 2016లో తెరచిన వండర్‌లా వినోదోద్యానము, సెలవుదినములందు దానికై నగరమునుండి వచ్చు కార్ల బారు. మేము పోయినది ఆ ఉద్యానము చూచుటకు గాదు. చిన్నతరగతులకు పాఠములు చెప్పు మా మిత్రురాలి బంధువులు కొందరు ఈ గ్రామమున కాపురమున్నారు. వారి బిడ్డల చదువును గూర్చి ఆమెకు పలుమార్లు పిలుపు వచ్చుటచే, ఒక ఆదివారమునాడు ఆమెతోకూడ మేమును బయలుదేరితిమి.

ఊరిలో కాలుపెట్టకముందే ఒక విశేషము మా కంటబడినది. రావి అనగానే మనకు రావిచెట్టు మనసున మెదలును. తుదనున్న ‘ర్యాల’ మంచిర్యాల పేరులోను వినవచ్చును. తెలుగున ఈ పేరు వ్రాయుటకు తడబాటు లేదు. పలికినది వ్రాయుదుము, వ్రాసినది పలుకుదుము. ఇంగ్లీషునకు వచ్చుసరికి మాత్రము ఈ యొక్క యూరికే మూడు రూపులు. ఒకచోట తుది అచ్చు లేక ‘రావిర్యాల్’, ఒకచోట తుది ‘ఏ’ అక్షరముతో ‘రావిర్యాల’, మఱియొకచోట నడుమ ‘వై’ అను అక్షరమే లేక ‘రావిరాల’. ఏది ఒప్పు, ఏది తప్పు అని అడిగిన చెప్పువారు లేరు. పెద్దలు వ్రాసిన పలకలపైననే ఇట్లున్నప్పుడు, ఆరేండ్ల బిడ్డ పలకపై మాటయేమి?

స్పెల్లింగు అను మాటకు మన పెద్దలు ‘వర్ణక్రమము’ అని పేరుపెట్టిరి. అక్షరములు ఒకదాని వెనుక నొకటి నడచు వరుస యని అర్థము. చిన్నమాటయే కాని, ఈనాడు తెలంగాణములోని పేదయిండ్లలో దీనిచుట్టు పెద్ద చింత అల్లుకొనియున్నది. 2022 జనవరిలో రాష్ట్రమంత్రివర్గము, 2022–23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలన్నిటను ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టవలెనని నిశ్చయించినది. పిల్లలు బెదరకుండుటకై ఒక పుట తెలుగున, దాని యెదుటి పుట ఇంగ్లీషున ముద్రించిన పుస్తకములు పంచిరి. ఇంగ్లీషు చదువు ధనవంతులకే దక్కుటయా యను ప్రశ్నకు ఇది ఒక సమాధానము. దీనిని తలిదండ్రులు పలువురు కోరుకొన్నదియు నిజము. కాని ఆ కోరిక తీరిన యింటిలో తల్లి స్థితి యేమైనది? మేము తెలిసికొనగోరినది అదియే.

మేము దిగిన యింటిలో మూడు తరములవారుండిరి. అరుగుమీద కూర్చున్న అవ్వ తన బాల్యమును తలచుకొని, “మా నాయన అలీఫ్, బే దిద్దిండు బిడ్డా. ఉర్దూల ఉత్తరాలు రాసెటోడు. నాకు ఏదీ రాదు,” అనెను. నిజమే, 1948 వరకు సాగిన నిజాము పాలనలో పైచదువు ఉర్దూలో నడచెడిది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము సైతము ఉర్దూ మాధ్యమముగనే ఆరంభమైనది. అవ్వ కోడలు తెలుగు మాధ్యమమున పదవతరగతి చదివినది. ఆమె కుమారుడు ఇంగ్లీషు మాధ్యమమున రెండవతరగతి. ఒక్క కప్పుక్రింద మూడు లిపులు! ప్రతి తరమునందును ఇంటి చదువు మారినది. ప్రతి మార్పునందును వెనుకటి తరమువారు ముందు తరమువారి పుస్తకమునకు పరాయివారైరి.

కోడలు కాఫీ గ్లాసులు మా చేతికిచ్చి, మెల్లగా తన మనసు విప్పెను. “తెలుగు పాఠమైతే నేనే చెప్తుంటినక్కా. వేమన పద్యాలు సుత నేనే నేర్పిన. ఇప్పుడు వాని బుక్కు పట్టుకుంటే ‘నీకు రాదు పో’ అంటడు. టూషనుకు పంపుదామంటే నెలనెలా పైసలు యాడికెల్లి తేవాలె?” ఆమె నవ్వుచునే ఈ మాట చెప్పినది, కాని ఆ నవ్వు చాలసేపు నిలువలేదు. బిడ్డకు అన్నము తినిపించు చేయి, జ్వరము వచ్చినచో నుదురు తడవు చేయి, పుస్తకము దగ్గరకు వచ్చుసరికి వెనుకకు తీసికొనవలసివచ్చుట యేతల్లికైనను చిన్న బాధ కాదు.

మా మిత్రురాలు పిల్లవానిని పిలిచి ఏమి వచ్చునో చెప్పుమనెను. వాడు చేతులు కట్టుకొని, “సీ ఏ టీ క్యాట్, క్యాట్ అంటే పిల్లి, ఆర్ ఏ టీ ర్యాట్, ర్యాట్ అంటే ఎలుక,” అని గడగడ నలువది మాటలవరకు అప్పగించెను. గొంతు నిండుగా నున్నది. ఒక్క తప్పు లేదు. అవ్వ మురిసిపోయినది. అప్పుడామె పలకపై ‘ఎమ్, ఏ, టీ’ అని మూడక్షరములు వ్రాసి, ఇదేమని యడిగెను. ఈ మాట వాని జాబితాలో లేదు. అక్షరముల పేళ్లు మూడును చెప్పెను గాని మాట పలుకలేకపోయెను. తల్లివంక చూచెను. తల్లి నేలవంక చూచెను.

ఇందులో పిల్లవాని తప్పు లేదు, తెలివితక్కువ అంతకంటె లేదు. ఇది అక్షరముల పేళ్లకును వాని పలుకులకును గల తగవు. తెలుగున ‘క’ పేరు క, పలుకు క. పేరు తెలిసినచో చదువుట తెలిసినట్లే. కావుననే మన పిల్లలు గుణింతము పట్టుబడిన కొలదినెలలకే ఏ పుస్తకమైనను అర్థము తెలియకున్నను పైకి చదువగలరు. ఇంగ్లీషున అట్లు గాదు. ‘సీ’ అను అక్షరము పేరులో సకారము, పనిలో తఱచు కకారము. ‘జీ’ పేరులో జకారము, పనిలో తఱచు గకారము. ‘వై’ పేరులో వకారము వినబడును. మాట మొదట అది పలుకునది యకారము. ‘డబ్ల్యూ’ పేరునందు డకారము, బకారము, లకారము అన్నియు నున్నవి. అది చేయవలసిన పలుకు మాత్రము లేదు. ఇట్టి పేళ్లనే కంఠస్థము చేసిన బిడ్డ ‘సీ ఏ టీ’ యని కలిపి చదివినచో ‘సీయేటీ’ యనవలసినదే గాని ‘క్యాట్’ అని యెట్లనగలడు? అనుట బట్టీచేతనే. బట్టీ తీరిన చోట చదువు తీరును.

మఱి, దీనికి తాళముచెవి యెక్కడ నున్నది? ఆ తల్లి దగ్గరనే యున్నది. మా మిత్రురాలు ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, “చెల్లె, కకు పొల్లు పెడితే ఏమంటవు?” అని యడిగెను. “క్,” అని ఆమె వెంటనే యనెను. “మకు?” “మ్.” “టకు?” “ట్.” “అంతే. ఇంగ్లీషు హల్లులన్నీ పొల్లు అక్షరాలే. వాటి పేర్లు పక్కనబెట్టి, పొల్లుతో పలికించు.” ధాన్యములో పొల్లును చెరిగి పారవేయుదుము, ఈ చదువులో పొల్లే గింజయైనది. ‘ఎమ్’ చూపి ‘మ్’ అనిపించిరి. ‘టీ’ చూపి ‘ట్’ అనిపించిరి. నడుమనున్న ‘ఏ’కు పొట్టి పలుకు కావలెను. ‘మేక’ యను మాటను మనము సహజముగా పలుకునపుడు మకారము వెనుక నోరు కొంత వెడల్పుగా తెరచుకొనును గదా. ఆ పలుకునే కురుచ చేసినచో ఇంచుమించు సరిపోవును. మ్, యా, ట్. మొదట ఎడముగా, పిమ్మట దగ్గరగా, తుదకు ఒక్క ఊపిరిలో. మూడవసారి పిల్లవాడు, “మ్యాట్!” అని కేకవేసెను. ఆ మాట వానికెవ్వరును చెప్పలేదు. వాడే చదివినాడు.

పిమ్మట తల్లి లోనికి పోయి గుప్పెడు చింతగింజలు తెచ్చెను. మిత్రురాలు కోరినది అవియే. ఒక మాట పలికి, అందు ఎన్ని పలుకులున్నవో అన్ని గింజలు పెట్టవలెను. బస్ అనగా బ్, అ, స్, మూడు గింజలు. తరువాత ఒక్కొక్క గింజను తీసి ఆ చోట అక్షరము వ్రాయవలెను. రష్యా దేశపు మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఎల్కోనిన్ అనువాడు (1904–1984) గళ్లు గీసి, పలుకునకొక బిళ్ల పెట్టించి పిల్లలకు నేర్పు పద్ధతిని చూపెను. అది నేడు అనేకదేశముల బడులలో నడచుచున్నది. రావిర్యాల అరుగుమీద ఆ బిళ్లల పని చింతగింజలు చేసినవి. వ్రాయుటకు మొదట పలక గూడ అక్కఱలేదు. అక్షరాభ్యాసమునాడు వలె పళ్లెములో బియ్యము పరచి వ్రేలితో వ్రాయించినచో చాలును. తప్పినచో చేతితో సమముచేసి మరల వ్రాయవచ్చును. తుడిచిన గుర్తు మిగులదు, కొట్టివేత మిగులదు, బిడ్డకు సిగ్గు మిగులదు. ఆ బియ్యము సాయంకాలము అన్నమునకు పనికివచ్చును.

ఏ మాటలతో మొదలుపెట్టవలెనను ప్రశ్నకు ఇల్లే పుస్తకము. మన యిండ్లలో ఇంగ్లీషు మాటలు తెలుగు బట్టలు కట్టుకొని తిరుగుచున్నవి. తెలుగు మాటకు తుదిని అచ్చు కావలెను. అది లేనిచోట మనము ఉకారము చేర్చి, హల్లు నొత్తుదుము. బస్ బస్సైనది, కప్ కప్పైనది, పెన్ పెన్నైనది. ఇది నేటి అలవాటు గాదు. ప్రక్కనున్న ఇబ్రహీంపట్నము ఎవరి పేరిట వెలసినదో ఆ గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా 1550 మొదలు 1580 వరకు రాజ్యమేలెను. ఆయన తెలుగు కవుల నాదరించెను. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. ఆ కాలపు తెలుగువారు ఆయనను ‘మల్కిభరాముడు’ అనిరి. మలిక్ ఇబ్రహీం అను పేరు తెలుగు నోట పడి, తుదిని డుకారము చేర్చుకొని, రాముని పోలిక గూడ తెచ్చుకొన్నది! సుల్తానులకే తప్పని ఈ మార్పు కప్పునకు, బస్సునకు తప్పునా?

కావున తల్లి చేయవలసినదెల్ల ఆ చేర్చినదానిని విప్పుటయే. కప్పులోని తుది ఉకారమును తీసి, ఒత్తు విడిచినచో కప్. వ్రాయునది సీ, యూ, పీ. జగ్గు జగ్, జే, యూ, జీ. మగ్గు, టబ్బు, పెన్ను, పిన్ను, బ్యాగు, బెడ్డు — ఇవన్నియు మూడేసి అక్షరముల మాటలు, అన్నియు కంటి యెదుటనున్న వస్తువులు. పిల్లికి ఇంగ్లీషు పేరు చెప్పి, మరల దానికి తెలుగర్థము చెప్పి రెండు బరువులు మోయించుటకంటె, అర్థము ముందే తెలిసిన మాటతో ఆరంభించుట సుకరము గదా. అక్షరములను సైతము వరుసగా ఏ, బీ, సీ యని గాక, ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అను ఆరింటిని ముందుగా చెప్పుట మేలని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఈ ఆరింటితోనే పిన్, టిన్, ట్యాప్, సిట్, ప్యాన్ మొదలగు మాటలు అనేకము వచ్చును. ఆరక్షరములు నేర్చిన వారముననే బిడ్డ మాట చదివినచో, వానికి చదువుపై నమ్మకము కుదురును.

మూడక్షరముల మాటలు చేతికి వచ్చిన పిమ్మట రెండవ మెట్టు. హైదరాబాదు ప్రాంతమువారు నల్లా యనుదానిని ఇంగ్లీషున ట్యాప్ అందురు; టీ, ఏ, పీ. దీని తుదిని ‘ఈ’ చేర్చినచో టేప్ అగును. ఆ తుది ‘ఈ’ తాను పలుకదు. నడిమి ‘ఏ’చేత దాని పేరు దానిచేతనే చెప్పించును. గేటు, ప్లేటు, కేకు, పైపు — ఇంటి మాటలందే ఈ సూత్రము దొరకును. మౌనముగా కూర్చుండి యింటిని నడపు పెద్దమ్మ వంటిది ఆ తుది ‘ఈ’ యని మిత్రురాలు చెప్పగా, అవ్వయే ముందుగా నవ్వెను.

తెలుగు నాలుకకు ప్రత్యేకముగా పొంచియున్న గోతులు కొన్ని గలవు. వానిని తల్లి ముందే యెఱిగినచో బిడ్డను దండింపక దాటింపవచ్చును. మొదటిది ‘ఇస్కూలు’. మాట మొదట సకారముపై మఱియొక హల్లు వచ్చినపుడు ఇకారము ముందు చేర్చుకొందుము. బిడ్డ విన్నట్లే ‘ఐ’తో ఆరంభించును. పాము వలె ‘స్’ అని సాగదీసి పిమ్మట ‘కూల్’ అనిపించవలెను. రెండవది ‘యెగ్గు’. ఎకారముతో మొదలగు మాటను యకారముతో ఎత్తుకొనుట మన అలవాటు. అందుచే బిడ్డ ‘వై’ వ్రాయును. మూడవది ఫకారము. కాఫీని కాపీ యనువారింట ‘ఎఫ్’ ఉండవలసినచోట ‘పీ’ వచ్చి కూర్చుండును. క్రింది పెదవిని పైపండ్లకు తాకించి గాలి ఊదించినచో భేదము తెలియును. నాలుగవది వకారము. వండర్‌లా మొదటి అక్షరము డబ్ల్యూ. రావిర్యాల నడిమి అక్షరము వీ. మన చెవికి రెండును ‘వ’యే. మొదటిదానికి పెదవులు గుండ్రముగా చుట్టవలెను, రెండవదానికి పండ్లు పెదవిని తాకవలెను. ఊరి పేరును, ఊరిప్రక్కని ఉద్యానము పేరును ఒకదాని క్రింద నొకటి వ్రాసి చూపినచో ఈ పాఠము ఆ పిల్లలు మఱువరు.

ఇక ఏ సూత్రమునకును లొంగని మాటలు మిగులును. వీథిలో ప్రతిచోట కనబడు ‘జిరాక్సు’ పలకనే చూడుడు. మొదట ‘ఎక్స్’ అను అక్షరమే, తుదిని అదే అక్షరము. మొదట జకారము వంటి పలుకు, తుదిని ‘క్స్’. కత్తికి ఇంగ్లీషున నైఫ్ అందురు. మొదట ‘కే’ యున్నది, పలుకు లేదు. బిడ్డ ఎందుకని యడుగును. అడిగినపుడు “అది అంతే, నోరు మూసికొని నేర్చుకో” యనరాదు. కారణమున్నది. ఒకప్పుడు ఇంగ్లీషువారు ఆ ‘కే’ను పలికెడివారే. 1476లో కాక్స్‌టన్ అనువాడు ఇంగ్లండులో అచ్చుయంత్రము నెలకొల్పెను. అచ్చులో వ్రాత క్రమముగా గట్టిపడినది. నోటి పలుకు మాత్రము మారుచుపోయినది. అప్పు అను అర్థముగల ‘డెట్’ అను మాటలో పలుకని ‘బీ’ని పండితులు కావలెనని చొప్పించిరి; లాటిను మూలమున అది యుండుటయే వారు చూపిన కారణము. 26 అక్షరములతో ఇంచుమించు 44 పలుకులను వ్రాయవలసిన భాష యది. మనకు సంప్రదాయముగా 56 అక్షరములు. ఇంత చెప్పగా ఆ తల్లి, “మనకు సుత అంతే గదక్కా. బుక్కుల ‘చేయుచున్నాడు’ అని ఉంటది, మనం ‘చేస్తుండు’ అంటం,” అనెను. ఆ మాటకు మేమందరము మెచ్చుకొంటిమి. భాషాశాస్త్రజ్ఞులు గ్రంథములు వ్రాసి చెప్పు సంగతిని ఆమె ఒక్క వాక్యమున చెప్పినది.

పలుకునుండి అక్షరమునకు పోవు ఈ మార్గము అరుగుమీది ఊహ గాదు. అమెరికాలో జాతీయ పఠన మండలి యను నిపుణసంఘము 2000లో తన నివేదికను వెలువరించి, అక్షరములకును పలుకులకును గల సంబంధమును క్రమముగా బోధించుట చిన్నపిల్లల చదువునకు మేలుచేయునని తేల్చినది. ఇంగ్లండులో 2012 మొదలు ఆరేండ్ల ప్రాయపు పిల్లలకు ఈ విషయమున చిన్న పరీక్ష జరుపుచున్నారు. ఇంగ్లీషు తల్లిభాషగాగల పిల్లలకే ఇంత శ్రద్ధ అవసరమైనపుడు, మన పిల్లలనుండి బట్టీమాత్రముచే ఫలమాశించుట న్యాయమా?

వర్ణక్రమపు పోటీలలో గెలుచు పిల్లల సంగతియు ఈ సందర్భమున చెప్పదగినది. అమెరికాలో 1925 నుండి జరుగుచున్న జాతీయ స్పెల్లింగు పోటీలో మనవారి బిడ్డలు పలువురు విజేతలైరి. రంగారెడ్డి జిల్లాకు పొరుగున నున్న నల్లగొండనుండి వలసపోయిన కుటుంబమున పుట్టిన బృహత్ సోమ యను 12 ఏండ్ల బాలుడు 2024లో 90 సెకండ్లలో 29 పదములకు తప్పులేక వర్ణక్రమము చెప్పి గెలిచెను. నాడు రెండవవాడుగా నిలిచిన ఫైజాన్ జకీ 2025లో ప్రథముడయ్యెను; ఆతని తలిదండ్రులు హైదరాబాదువారు. ఆ వేదికపై పిల్లలు తఱచు అడుగు ప్రశ్న యేదన, “ఈ పదము ఏ భాషనుండి వచ్చినది?” అని. గ్రీకుదా, లాటినుదా, ఫ్రెంచిదా యని తెలిసినచో అక్షరముల వరుసను ఊహింపవచ్చును. జ్ఞాపకశక్తి వారికి లేదని కాదు. కాని వారి ఆధారము కారణములమీద. మన యింటి బిడ్డను పోటీలకు పంపవలెనని చెప్పుట మా యుద్దేశము గాదు. ‘ఎందుకు’ అను ప్రశ్న వర్ణక్రమమునకు శత్రువు గాదని చెప్పుటయే.

ఇంగ్లీషుపై మోజుచే తెలుగును విడువరాదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము, వీలైనచోటులందు కనీసము అయిదవతరగతివరకు ఇంటిభాషలోనే బోధన జరుగవలెనని సలహా ఇచ్చినది. మాధ్యమమును గూర్చిన వాదము పెద్దలు తేల్చవలసినది. కాని గృహిణి చేతిలో నొకటి యున్నది. తెలుగు అక్షరములు, గుణింతము, పొల్లు బాగుగా వచ్చిన బిడ్డకు మాటను పలుకులుగా విడదీయుట యెట్లో ముందే తెలియును. ఆ చెవి ఇంగ్లీషునకు అప్పుగా పనికివచ్చును. తెలుగు నేర్పుట ఇంగ్లీషునకు అడ్డమని యెంచి ఆ మెట్టునే తీసివేయువారు బిడ్డను నిచ్చెన లేక మేడ యెక్కుమన్నట్లు చేయుదురు.

దినమునకు పది నిముసములు చాలును. పాఠము ముగింపవలసినది బిడ్డ విసుగకముందే. రోజునకు మూడు మాటలకంటె ఎక్కువ వలదు. నిన్నటి రెండు మాటలు నేడు మరల అడుగవలెను. తప్పు వ్రాసినపుడు చెవి మెలిపెట్టక, వ్రాసినదానిని వానిచేతనే పైకి చదివింపవలెను; సగము తప్పులు వాడే పట్టుకొనును. అయిదేండ్లు నిండని బిడ్డకు వ్రాతకంటె వినుటయు, గింజలు పెట్టుటయు మేలు. ఇరుగుపొరుగు తల్లులు ఇద్దరు ముగ్గురు కూడి అరుగుమీద కూర్చున్నచో ఖర్చు లేదు, బిడ్డలకు ఆటయు నగును.

మేము బయలుదేరు వేళకు పిల్లవాడు వంటయింటిలోని సామానులన్నిటి తోకలు కోయుటలో మునిగియుండెను. “గ్లాసు?” అని తల్లి యడిగినది. “గ్లాస్!” అని వాడు నాలుగు గింజలు పెట్టి, తుది ‘స్’కు ‘ఎస్’ ఒకటియా రెండా యని సందేహించెను. తల్లికిని తెలియదు. “రేపు బళ్లె టీచరమ్మను అడిగి రా, నాకు సుత చెప్పు,” అనెను. ఆ మాట మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. పొద్దుట “నీకు రాదు పో” యనిన బిడ్డకు సాయంకాలమున తల్లి తోటి విద్యార్థిని యైనది. సోదరీమణులారా, బిడ్డ పుస్తకము తెరచినపుడు ప్రక్కన కూర్చుండుటకు తల్లికి ఇంగ్లీషు వచ్చియుండవలెనను నియమము లేదు. పొల్లు తెలిసి, పది నిముసముల ఓర్పు ఉండినచో చాలును. తెలియనిది బిడ్డనుండి నేర్చుకొనవచ్చును.